తుపాను తర్వాత వాగూ, చేపలూ

2011 ఆగస్టు 28న ఐరీన్ తుపాను అమెరికా ఈశాన్యాన ఉన్న వెర్మాంట్ రాష్ట్రాన్ని ముంచెత్తినప్పుడు, కొండవాగులు ఒక్క రోజులో గట్లు తెంచుకుని రోడ్లనూ వంతెనలనూ ఊడ్చుకుపోయాయి. ఆ వాగుల్లో బ్రూక్ ట్రౌట్ అనే చేప బతుకుతుంది. చల్లగా, తేటగా, ప్రాణవాయువు నిండుగా ఉండే నీరే దానికి ఆధారం.

ఉధృతి పెరిగినప్పుడు పెద్ద చేపలు బండరాళ్ల చాటుకో, ఒరిగిన చెట్ల వేళ్ల సందుల్లోకో, గట్టు వెంట నిదానంగా పారే ముంపు నీటిలోకో చేరి ప్రాణం దక్కించుకుంటాయి. ఆ వసంతంలోనే గులకరాళ్ల నడుమ నుంచి బయటికొచ్చిన పిల్లలకు మాత్రం అంత బలం ఉండదు. అడుగున దొర్లే రాళ్లు చేపలకు మేతైన పురుగులనూ నలిపేస్తాయి. వరద తీశాక మిగిలిన మెత్తటి ఒండ్రు గులకరాళ్ల సందులను పూడ్చేస్తే, శరదృతువులో పెట్టే గుడ్లకు ప్రాణవాయువు అందదు.

ఇంత జరిగినా, వాగు స్వరూపం చెక్కుచెదరకుండా ఉన్నచోట ట్రౌట్ సంతతి సాధారణంగా రెండు నుంచి నాలుగేళ్లలో కోలుకుంటుందని వెర్మాంట్ మత్స్యశాఖ అనుభవం. ఒక్కో ఆడచేప వందలాది గుడ్లు పెడుతుంది. పిల్లవాగుల్లో తలదాచుకున్న చేపలూ తిరిగి వస్తాయి.

వరదను తట్టుకున్న చోట్లను కూడా ఆ తర్వాతి పనులు పాడుచేయడమే నన్ను ఎక్కువగా బాధించే విషయం. పదమూడు ఊళ్లకు దారి తెగిపోయినప్పుడు రోడ్లు వేయాలన్న తొందర సహజమే. అయితే ఎక్స్‌కవేటర్లు అవసరానికి మించి వాగుల్లోకి దిగి, బండరాళ్లను ఏరేసి, పడిన చెట్లను లాగేసి, వంపులను సరిచేసి, మడుగులను పూడ్చి, అడుగును చదును చేశాయి. సుమారు 77 మైళ్ల మేర వాగుల్లో జలచరాల ఆవాసం ఇలా తీవ్రంగా దెబ్బతిన్నదని మత్స్యశాఖ లెక్కగట్టింది. చదునైన వాగులో వేసవి నీరు పలచగా పరుచుకుని వేడెక్కుతుంది, చేపకు దాగే చోటు ఉండదు. పైగా అడ్డూ ఆపూ లేని నీరు మరింత వేగంతో దిగువ ఊళ్ల మీద పడుతుంది. అత్యవసర పనులకూ నియమాలు ఏర్పరచాలని 2012లో అక్కడి శాసనసభ చట్టం చేసింది.

గ్రీన్ మౌంటెన్ జాతీయ అటవీప్రాంతంలో చేపలు ఎగువకు ఈదేందుకు వీలుగా, వాగు సహజ వెడల్పుకు తగ్గట్టు, అడుగున రాళ్లూ గులకా పరిచి కట్టిన కల్వర్టులు ఐరీన్ ధాటికి నిలబడ్డాయి. ఇరుకు గొట్టాలు వేసిన చోట్ల మాత్రం కొమ్మలూ రాళ్లూ అడ్డుపడి, నీరు రోడ్డునే కోసుకుపోయింది.