కొసరు నుంచి కూపన్ దాకా: బిల్లు కౌంటర్ దగ్గరి గొడవకి వెనక కథ

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు శ్రీకాకుళం టౌన్‌లో ఒక సూపర్ మార్కెట్‌లో బిల్లుకి నిలబడ్డాను. హైదరాబాద్‌కీ చెన్నైకీ వలస వెళ్లినవాళ్లంతా ఊళ్లకి దిగే రోజులు కదా, లైను లోపలి అరల దాకా సాగింది. నా ముందు ఒక పెద్దామె, చెయ్యి పట్టుకుని మనవరాలు. బియ్యం బస్తా, నూనె ప్యాకెట్లు, పంచదార, రెండు సబ్బులు, పిల్ల ఏరుకున్న షాంపూ డబ్బా. బిల్లు 1,600 దాటింది. ఆమె కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కూపన్ తీశారు. 1,500 రూపాయల కొనుగోలుపై 150 తగ్గింపు అని ఎర్రటి తెలుగు అక్షరాలు.

కౌంటర్‌లో అమ్మాయి స్కాన్ చేసింది. మిషన్ పలకలేదు. ఇంకోసారి చేసింది. తర్వాత నంబరు చేత్తో కొట్టింది.

"అమ్మా, సిస్టమ్ తీసుకోవట్లేదమ్మా."

"ఏటమ్మా, మొన్న ఇచ్చింది మీరే కదా?"

"బియ్యం, నూనె, పంచదారకి ఇది వర్తించదమ్మా. అవి తీసేస్తే మీది మూడొందలు కూడా అవదు."

"ఆ ముక్క ఇందులో ఎక్కడుంది?"

అమ్మాయి కాగితం తిప్పి చూపించింది. వెనకవైపు ఉంది. ఆవగింజంత అక్షరాలతో, ఇంగ్లీషులో. లైన్లోంచి ఎవరో "తొందరగా కానీండి" అన్నారు. పెద్దామె ఇంకేమీ మాట్లాడలేదు. షాంపూ డబ్బా తీసి పక్కన పెట్టి, మిగతా వాటికి డబ్బులు లెక్కపెట్టి ఇచ్చారు.

అక్కడ ఆ ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. 150 రూపాయలు తగ్గిస్తామని మాట ఇచ్చినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు, అంతే. మాట ఇచ్చేవాడు ఒకడు, భారం మోసేవాడు ఇంకొకడు, జనం ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకునేది మరొకరు. మన అంగళ్లలో ఈ ముగ్గురూ ఒకప్పుడు ఒక్కరే. ఎప్పుడు, ఎలా విడిపోయారన్నదే ఈ గొడవ వెనకున్న చరిత్ర.

మన అమ్మమ్మల నాటి తగ్గింపు పేరు కొసరు. కుంచంతోనో మానికతోనో కొలిచి పోశాక, షావుకారు పైన ఇంకో గుప్పెడు వేసేవాడు. వెయ్యకపోతే అడిగి వేయించుకునేవారు. అసలు కంటే కొసరు ముద్దు అని ఊరికే అనలేదు. కొసరుకి గడువు లేదు, షరతు లేదు, వేసే చెయ్యి కళ్ల ముందే ఉండేది. అయితే అది అందరికీ సమానంగా దక్కేదని నేను అనను. పద్దులో బాకీ ఉన్నవాళ్లకి అడగడానికి నోరు వచ్చేది కాదు. పెద్దింటి నుంచి వచ్చినవాళ్లకి అడక్కుండానే పడేది. ఆ వివక్షని మర్చిపోయి పాత రోజులే బాగుండేవనుకోవడం సరి కాదు. కాకపోతే ఎవరిని అడగాలో మాత్రం అందరికీ తెలుసు.

1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. ఆ తర్వాత కుంచాలూ మానికలూ తగ్గి కిలోలూ లీటర్లూ వచ్చాయి. కొసరుకి అసలు దెబ్బ మాత్రం ప్యాకెట్ కొట్టింది. సీలు వేసిన సంచిలోకి గుప్పెడు గింజలు ఎలా వేస్తారు? దాంతో కొసరు ప్యాకెట్‌తో పాటే కంపెనీ నుంచి రావడం మొదలైంది. టీపొడితో గ్లాసు, సబ్బుల కట్టతో చెంచా. మా ఇంట్లో స్టీలు గ్లాసుల్లో సగం అలా వచ్చినవే. ఊళ్లలో తొలి తగాదాలూ ఇక్కడే మొదలయ్యాయి. ప్యాకెట్ మీద చెంచా బొమ్మ ఉంటుంది, కొట్టులో ఇచ్చే సబ్బులకి చెంచా ఉండదు. "పై నుంచే రాలేదు" అంటాడు కొట్టతను. నిజంగా రాలేదో, విడిగా తీసి అమ్ముకున్నాడో కొన్నవాళ్లకి తెలిసే దారి లేదు. ఇచ్చిన మాట కొట్టు దాటి పోవడం అప్పుడే మొదలైంది.

కూపన్ అనే కాగితం పుట్టిల్లు అమెరికా. 1880ల చివర్లో అట్లాంటాలో కోకాకోలా వాళ్లు ఒక గ్లాసు ఉచితం అని చీటీలు పంచారు. తర్వాత్తర్వాత అక్కడ అదొక పెద్ద ఏర్పాటు అయింది. ఆదివారం పేపర్లో వచ్చిన కూపన్‌ని కత్తిరించి కౌంటర్‌లో ఇస్తే క్యాషియర్ తగ్గించి బిల్లు వేస్తుంది. కొట్టువాళ్లు ఆ కూపన్లన్నీ పోగేసి, కూపన్ల లెక్క తేల్చే క్లియరింగ్ హౌస్‌కి పంపుతారు. కూపన్ విలువతో పాటు, ఒక్కోదానికి చాకిరీ ఖర్చు కింద కొన్ని సెంట్లు కూడా కంపెనీ ఇస్తుంది. కొట్టుకి నష్టం లేదు కాబట్టి క్యాషియర్‌కి భయం తక్కువ. మన దగ్గర ఈ వెనక ఏర్పాటు వేళ్లూనుకోలేదు. ముందుండే కాగితం మాత్రం వచ్చింది.

వెనక డబ్బు సమయానికి రాకపోతే ఏమవుతుందో మన జిల్లాకి పొందూరు ఖాదీ ఎప్పుడో చూపించింది. గాంధీ జయంతి రోజుల్లో ఖాదీ మీద ప్రభుత్వ రిబేటు ఉండేది. కొనేవాళ్లు కౌంటర్‌లో తక్కువ కట్టి పంచె పట్టుకెళ్లేవారు. ఆ తగ్గిన డబ్బుని ఖాదీ సంస్థలు ప్రభుత్వం దగ్గర రాబట్టుకోవాలి. అది బకాయి పడితే ఆ బరువు దిగేది వడికేవాళ్ల మీదా నేసేవాళ్ల మీదా. రిబేటు బకాయిల మొర దేశంలో చాలా ఖాదీ సంస్థల నుంచి వినిపించేది. చివరికి 2010 ఏప్రిల్ నుంచి కేంద్రం రిబేటు పద్ధతిని పక్కన పెట్టి, ఉత్పత్తి విలువ మీద సాయం ఇచ్చే పద్ధతికి మారింది. కౌంటర్‌లో తగ్గిన ప్రతి రూపాయినీ ఎక్కడో ఒకరు మోస్తారు. ఆ మోసేవాళ్లు ఎవరో తేలకపోతే కింద ఉన్నవాళ్లే మోస్తారు. నేను ఈ కథలో పదే పదే చూసింది ఇదే.

రేపర్ల కాలం గురించి రెండు ముక్కలు. 1999 ప్రపంచ కప్పుకి బ్రిటానియా వాళ్లు బిస్కెట్ రేపర్ల మీద పరుగులు అచ్చు వేశారు. నూరు పరుగులు పోగేస్తే ఒక పుస్తకం, అందులో గీకి చూసుకునే కార్డు. బడి పిల్లలు రోడ్డు మీద రేపర్లు ఏరుకున్న రోజులవి. పిల్లలు రేపర్లు పట్టుకెళితే ఇచ్చే కొట్టు ఇచ్చేది, లేని కొట్టు "వచ్చే వారం రా" అనేది.

మన ప్రాంతంలో కూపన్ అనే మాటకి ఇంకో బరువు కూడా ఉంది. పల్లెల్లో చాలా ఇళ్లకి ఆ మాట వ్యాపారం నుంచి రాలేదు, రేషన్ నుంచి వచ్చింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టినప్పటి నుంచి రేషన్ డిపో మన ఇళ్లలో భాగం. 2011లో రచ్చబండ సభల్లో కార్డు రానివాళ్లకి తాత్కాలికంగా కూపన్లు ఇచ్చారు. రచ్చబండ కూపన్లు అంటే ఇప్పటికీ గుర్తుపడతారు. ఆ కాగితం చూపిస్తే బియ్యం ఇచ్చి తీరాలి, ఇవ్వకపోతే నిలదీయొచ్చు. కూపన్ అంటే హక్కు అని అలవాటైన చేతిలోకి సూపర్ మార్కెట్ ఇంకో కూపన్ పెట్టింది. దాని వెనక ఉన్నది హక్కు కాదు, షరతులు. పెద్దామె ఆ కాగితాన్ని అంత జాగ్రత్తగా కొంగుకి ముడేసుకున్నారంటే దానికి ఇంత వెనక చరిత్ర ఉంది.

ఈలోపు ధరల వైపు ఒక పెద్ద మార్పు జరిగింది. 1990కి ముందు ప్యాకెట్ మీద ధర వేసి "స్థానిక పన్నులు అదనం" అని రాసేవారు. ఆ అదనం ఎంతో కొట్టువాడు చెప్పిందే లెక్క. 1990లో నిబంధనలు మార్చి, పన్నులన్నీ కలుపుకుని గరిష్ఠ చిల్లర ధర, అంటే మనం అనే ఎమ్మార్పీ, వెయ్యాల్సిందే అన్నారు. అప్పటి నుంచి తగ్గింపుకి ఒక గీత దొరికింది. ఆ గీత నుంచి ఎంత కిందకి దిగారో ఎవరైనా చెప్పగలరు.

తర్వాత 2000ల్లో సూపర్ మార్కెట్లు పెద్ద నగరాల నుంచి జిల్లా టౌన్లకి వచ్చాయి. వాటితో వచ్చింది కంప్యూటర్ బిల్లు. చాలామంది గమనించని మలుపు ఇది. పాత కొట్లో షావుకారు బేరమాడితే రెండు రూపాయలు వదిలేసేవాడు, ఎందుకంటే ఆ డబ్బు అతనిది. కౌంటర్‌లో అమ్మాయికి ఒక్క రూపాయి వదిలే అధికారం లేదు. ఏ వస్తువుకి ఏ ఆఫరో, ఏ తేదీ దాకానో, ఎంత బిల్లు దాటాలో అన్నీ పైనుంచి సిస్టమ్‌లోకి ఎక్కించి వస్తాయి. బార్‌కోడ్ కొట్టగానే అది ఔనంటే ఔను, కాదంటే కాదు. దాటించాలంటే మేనేజర్ వచ్చి తన పాస్‌వర్డ్ కొట్టాలి. పండగ రద్దీలో మేనేజర్ ఎక్కడుంటాడో దేవుడికే తెలియాలి.

ఇంకొకటి, రాత్రి క్యాష్ టాలీ. డ్రాయర్‌లో డబ్బు బిల్లులతో సరిపోవాలి. తన నిర్లక్ష్యం వల్ల లెక్కలో డబ్బు తగ్గితే ఆ మేరకు జీతంలో కోత పెట్టడానికి 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టమే వీలిచ్చింది. నెల జీతం మీద బతికే పిల్ల, చెల్లని కూపన్‌కి 150 తగ్గించి ఆ కోత తెచ్చుకుంటుందా? మనకి మొండితనంలా కనిపించేది ఆమె జీతం గురించిన భయం. పైగా రోజంతా నిలబడే పని. దుకాణాల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే హక్కు ఇస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. మన కౌంటర్ల వెనక కూడా ఒక కుర్చీ ఉండాలి.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ఇంకో చిక్కు. డిస్కౌంట్ కూపన్, గిఫ్ట్ వోచర్ మన కంటికి ఒకేలా ఉంటాయి. బిల్లులో రెండూ ఒకటి కావు. అమ్మేటప్పుడే బిల్లులో చూపించిన డిస్కౌంట్ పోను మిగిలిన ధర మీదే పన్ను. గిఫ్ట్ వోచర్ అయితే డబ్బుకి బదులుగా ఇచ్చిన చీటీ, కాబట్టి మొత్తం ధర మీద పన్ను పడుతుంది. వోచర్ చేతులు మారినంత మాత్రాన దాని మీద జీఎస్టీ లేదని 2024 డిసెంబర్ 21న జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ మండలి సమావేశం తేల్చింది. "నూరు రూపాయల వోచరే కదా, పన్ను ఎందుకు తగ్గలేదు" అని అడిగితే కౌంటర్‌లో ఎవరూ చెప్పలేకపోవడానికి కారణం డిస్కౌంట్‌కీ వోచర్‌కీ మధ్య ఉన్న ఈ తేడానే.

బట్టల కొట్ల లక్కీ డ్రా కూపన్లది వేరే కథ. విజయనగరంలో చదువుకునే రోజుల్లో, పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగకి ముందు ఒక బట్టల కొట్లో చొక్కా కొంటే నాలుగు కూపన్లు ఇచ్చారు. పేరు, ఫోన్ నంబరు రాసి అద్దాల డబ్బాలో వేశాను. బహుమతిగా పెట్టిన బండి ఎవరికి వచ్చిందో ఈ రోజుకీ తెలియదు. అది నా ఒక్కడి అనుభవమూ కాదు. ఇస్తామన్న బహుమతి ఇవ్వకూడదనే ఉద్దేశంతో ఆశ చూపించడం 1986 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారమే అనుచిత వ్యాపార పద్ధతి. 2002 సవరణతో, పథకం ముగిశాక ఫలితాలు చెప్పకుండా దాచడమూ అందులో చేరింది. డబ్బా ఎదురుగా నిలబడి "ఫలితాలు ఏ రోజు, ఎక్కడ పెడతారు" అని అడగొచ్చని అప్పుడు నాకు తెలియదు.

ఇప్పుడు అమల్లో ఉన్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం, 2020 జూలై నుంచి. ఇందులో ప్రకటన అనే మాటకి అర్థం చాలా విశాలం. నోటీసు, కరపత్రం, లేబుల్, రేపర్, చివరికి బిల్లు కాగితం కూడా ప్రకటనే. దీని కింద 2022 జూన్ 9న తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు వచ్చాయి. శ్రీకాకుళంలో కూపన్ పట్టుకున్న ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాల్సిన మాట అందులో ఉంది. ప్రకటనలో మాట ఏ భాషలో ఉందో షరతు కూడా అదే భాషలో ఉండాలి, అక్షరాలూ అదే తీరున ఉండాలి. అంటే 150 తగ్గింపు అని తెలుగులో అచ్చు వేసినవాళ్లు, బియ్యానికి నూనెకి వర్తించదనీ తెలుగులోనే, కనపడేలా వెయ్యాలి. పెద్దామె అడిగిన "ఆ ముక్క ఎక్కడుంది" అనే ప్రశ్న చట్టం అడుగుతున్న ప్రశ్నే.

ఈమధ్య కూపన్ ఫోన్లోకి వెళ్లిపోయింది. నంబరు చెప్పండి, ఓటీపీ చెప్పండి, పాయింట్లు పడతాయి అంటారు. నంబరు ఇస్తేనే బిల్లు అని పట్టుబట్టకూడదని 2023 మేలో కేంద్ర వినియోగదారుల శాఖ దుకాణాలకి సూచించింది. కీప్యాడ్ ఫోన్ ఉన్న పెద్దవాళ్లకి మాత్రం ఈ కొత్త కొసరు అందడమే లేదు. నాకు దీని మీద చాలా బాధగా ఉంది.

మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పొచ్చు. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. కొన్నదాని విలువ 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. బిల్లూ కూపనూ రెండూ దాచుకోవాలి. అసలు బిల్లు కొట్టకముందే కూపన్ చూపించి "దీనికి ఏవి పనికొస్తాయమ్మా" అని అడిగితే, కౌంటర్‌లో ఆ పిల్లలే వివరంగా చెప్తారు. వాళ్లకి షరతులు నోటికి వచ్చు, రోజుకి వందసార్లు చెప్తుంటారు కదా.

ఆ రోజు నా బిల్లు అయ్యాక మేనేజర్ కోసం ఆగి, కూపన్ రెండు వైపులా చూపించి 2022 నాటి మాట చెప్పాను. పైవాళ్లకి పంపిస్తానన్నారు. పండగ అయిన వారానికి మళ్లీ వెళితే కూపన్లు అవే ఉన్నాయి, వెనక ఇంగ్లీషూ అలాగే ఉంది. కానీ కౌంటర్ అద్దానికి ఒక అట్టముక్క అంటించి ఉంది. బిస్కెట్ల పెట్టె నుంచి చింపిన అట్ట. దాని మీద నీలం స్కెచ్ పెన్‌తో గుండ్రటి తెలుగు అక్షరాలు: "బియ్యం, నూనె, పంచదారకి కూపన్ లేదు. ముందే అడగండి." ఎవరు రాశారని అడిగాను. ఆ అమ్మాయి తన వైపు వేలు చూపించుకుని, తర్వాతి వాళ్ల బుట్ట దగ్గరికి లాక్కుంది.