ఆర్గస్‌లో రెండో గిటార్: అపోహలు – వాస్తవాలు

గిటార్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన ఈ పద్దెనిమిదేళ్లలో, రెండు గిటార్లను జంటగా నడిపించే రాక్ బ్యాండ్ విష్‌బోన్ యాష్ పేరు ముందే విని వచ్చిన విద్యార్థులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అయితే 1972లో వచ్చిన వారి మూడో ఆల్బమ్ ‘ఆర్గస్’ విని రమ్మని పంపిస్తే, మరుసటి వారం దాదాపు అందరూ ఒకే ప్రశ్నతో తిరిగి వస్తారు: “రెండో గిటార్ అంటే మొదటి గిటార్ వాయించినదే మూడు ఫ్రెట్లు (గిటార్ మెడ మీది అడ్డ పట్టీలు) పైకి జరిపి వాయించడమే కదా సార్?”

కాదు. ఈ ఒక్క అపోహ వల్ల నెలల తరబడి సాధన వృథా చేసుకున్నవారిని, తమకు స్వరజ్ఞానమే లేదని కుంగిపోయినవారిని చూశాను కనుక మిగతా వాటికంటే దీని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ఏ (A) మైనర్ స్కేల్ (స్వరాల వరుస) తీసుకోండి: ఏ, బి, సి, డి, ఈ, ఎఫ్, జి. ప్రతి స్వరానికీ అదే స్కేల్‌లో ఒకటి వదిలి ఆ పైనున్న స్వరాన్ని జత చేస్తే థర్డ్ హార్మనీ వస్తుంది. ఏకు సి, బికి డి, డికి ఎఫ్, ఈకి జి జత చేసినప్పుడు మధ్య దూరం మూడు ఫ్రెట్లే. కానీ సికి ఈ, ఎఫ్‌కు ఏ, జికి బి జత చేసినప్పుడు ఆ దూరం నాలుగు ఫ్రెట్లు. అన్నింటికీ మూడే లెక్కపెట్టుకుంటూ పోతే ఏడింట మూడు స్వరాలు స్కేల్ బయట పడతాయి. పోనీ నాలుగే పెట్టుకుందామంటే నాలుగు తప్పుతాయి. పాట ఏ స్కేల్‌లో ఉందో చెప్పకుండా స్వరాన్ని ఒకే దూరం జరిపే పెడల్ (కాలితో నొక్కే ఎఫెక్ట్ పెట్టె) కూడా చేసేది ఇదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదటి రెండు జీతాల్లో సగం అలాంటి పెడల్‌కు పోసిన కుర్రాడొకడు, “ఇది పాడైపోయిందేమో చూడండి సార్” అంటూ దాన్ని నా ముందు పెట్టాడు. పెడల్ శుభ్రంగా పనిచేస్తోంది. చెప్పిన మూడు సెమిటోన్లూ (ఒక్కోటి ఒక ఫ్రెట్) నమ్మకంగా జరుపుతూనే ఉంది.

దీన్ని నాకంటే బాగా అర్థం చేసుకున్నది పదేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకుని వచ్చిన ఒక అమ్మాయి. పాశ్చాత్య సంగీతం తన చెవికి పట్టదేమోనని ఆమెకు మొదటి రోజు నుంచీ భయం. ఏ మైనర్ అంటే ఏను షడ్జంగా పెట్టుకున్న నఠభైరవి స్వరాలేనని చెప్పి, మూడు ఫ్రెట్ల లెక్కతో వాయించమన్నాను. గాంధారానికి జతగా పంచమం రావలసిన చోట ప్రతిమధ్యమం, ధైవతం పైన తారషడ్జం రావలసిన చోట కాకలి నిషాదం పలికేసరికి ఆమె ముఖం చిట్లించి, నేను నోరు విప్పకముందే వేలు ఒక ఫ్రెట్ ముందుకు జరిపింది. తన చెవి గురించి పెట్టుకున్న భయం అక్కడితో పోయింది.

ఇంకొక మాట. ఆర్గస్‌లో రెండు గిటార్లు పాటంతా జంటగా నడవవు. గిటారిస్టులు ఆండీ పవెల్, టెడ్ టర్నర్ ఇద్దరూ లీడ్ (ముందు వినిపించే బాణీ) వాయించగలవారే కనుక ఒకరు లీడ్, ఒకరు రిథమ్ (వెనక తోడు) అని శాశ్వతంగా పంచుకోలేదు. వారి స్వరాల వరుసలు కలుస్తాయి, విడిపోతాయి, ఒకటి ఆగిన చోట మరొకటి అందుకుంటుంది. వీటి కింద మార్టిన్ టర్నర్ బేస్ గిటార్ (మంద్రస్వరాల గిటార్) కేవలం మూలస్వరాలు పట్టుకుని కూర్చోకుండా మూడో గొంతులా కదులుతుంది. ఇందులోని ‘సమ్‌టైమ్ వరల్డ్’ పాట నెమ్మదిగా మొదలై మధ్యలో వేగం అందుకున్నాక ఆ బేస్‌ను మాత్రమే వెంబడించి వినండి.

అలా వినడానికి రెండు చెవులూ కావాలి, ఎందుకంటే స్టీరియోలో రెండు గిటార్లూ చెరొక వైపు పలుకుతాయి. నా దగ్గరున్న క్యాసెట్‌ను ఎడమ వైపు పలకని హెడ్‌ఫోన్‌లో రెండేళ్లు వింటూ, జంట గిటార్ల బ్యాండ్ అని ఊరికే అంటారని వాదించినవాడిని నేను. స్నేహితుడి ఇంట్లో మొదటిసారి రెండు స్పీకర్లలో విన్నాక చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఇప్పటి పిల్లలు ఒక ఇయర్‌బడ్ తాము పెట్టుకుని రెండోది పక్కవాడికిచ్చి విని, ట్యాబ్‌లో (ఏ తీగ, ఏ ఫ్రెట్ అని అంకెల్లో రాసిన కాగితంలో) ఉన్నది రికార్డులో లేదని ఫిర్యాదు చేస్తుంటే నాకు కోపం రాదు.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కర్లేదు. జంట గిటార్లను థిన్ లిజీ అనే రాక్ బ్యాండ్ కనిపెట్టలేదు. వారు ఇద్దరు గిటారిస్టులతో స్థిరపడింది 1974లో. అలాగని విష్‌బోన్ యాష్ కూడా కనిపెట్టలేదు, ఎందుకంటే అమెరికాలో ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ 1969లోనే వచ్చింది. మార్టిన్ టర్నర్, టెడ్ టర్నర్ అన్నదమ్ములు కారు, ఇంటిపేరు మాత్రమే ఒకటి. అట్ట మీద శిరస్త్రాణం పెట్టుకుని వెనుదిరిగి నిలబడ్డ యోధుణ్ణి చూసి ఇది ఆద్యంతం ఒకే కథ అనుకోనక్కర్లేదు: ‘బ్లోయిన్ ఫ్రీ’ ఒక స్వీడన్ అమ్మాయి జ్ఞాపకంతో పుట్టిన పాట. సింథసైజర్ల హోరు కూడా ఇందులో లేదు. చివరి పాటలో రెనసాన్స్ బ్యాండ్‌కు చెందిన జాన్ టౌట్ ఆర్గన్ వాయించాడు. ఇక ఆడని ఆల్బమ్ కనుకనే మరుగున పడిందన్నది వట్టి పుకారు. బ్రిటన్ చార్టులో అది మూడో స్థానం దాకా వెళ్లింది. హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ స్థాపకుడు స్టీవ్ హారిస్ ఈ బ్యాండ్ ప్రభావాన్ని బాహాటంగానే ఒప్పుకున్నాడు. అయినా నా దగ్గరికి వచ్చేవారిలో మెయిడెన్ టీ షర్టు వేసుకున్నవారికి కూడా ఈ పేరు తెలియకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

వేళ్లకు వేగం లేదని ఈ ఆల్బమ్ జోలికి రావడానికి జంకేవారు, గట్టి డిస్టార్షన్ (ధ్వనిని గరగరలాడించే పెడల్) కొనేదాకా ఆగుదామనుకునేవారు కూడా ఉన్నారు. ఆగనక్కర్లేదు. ఈ గిటార్ల ధ్వని చాలా చోట్ల దాదాపు శుభ్రంగానే ఉంటుంది; డిస్టార్షన్ ఎక్కువ పెడితే రెండు గిటార్ల స్వరాలూ కలిసి ముద్దయిపోతాయి. ఇద్దరు కలిసి వాయించేటప్పుడు కష్టమంతా బెండ్ (తీగను పక్కకు లాగి స్వరం పెంచడం) దగ్గర వస్తుంది, ఎందుకంటే ఇద్దరి తీగలూ ఒకే క్షణంలో బయలుదేరి ఒకే క్షణంలో చేరాలి. నా తరగతిలో దానికి ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, సొంత వేళ్లు కాకుండా ఎదుటివారి వేళ్లు చూస్తూ వాయించమంటాను.