ఎటు పోయినా ముసలమ్మే ఉంటే ఎట్లా?

దేవరకొండ

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాత ఆశీస్సులు.

మీరంతా కలిసి ఫోనులో ఒక సాహస కథ మొదలుపెట్టారనీ, ఒకరు కథ నడుపుతుంటే మిగిలినవారు తరువాత ఏం చేయాలో ఓటు వేసి తేల్చుతున్నారనీ, నాలుగు రోజులకే అందరికీ విసుగు పుట్టిందనీ రాశారు. ఆ విసుగు ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు, ఆ తప్పు నేను మీ దగ్గరే చేశాను.

రెండేండ్ల కిందట ఎండాకాలంలో, కరెంటు పోయిన రాత్రి, డాబా మీద మీకు మన ఖిల్లాలో పోయిన తాళంచెవి కథ చెప్పాను. ఎడమకు కోనేరు, కుడికి కూలిన దర్వాజా, ఎటు పోతారని అడిగితే దర్వాజా అన్నారు. గబ్బిలాలు లేచాయి, ఒక ముసలమ్మ ఎదురైంది. మరునాడు చిన్నది పట్టుబట్టి అదే కథను కోనేటి దారిలో చెప్పించింది. అక్కడా గబ్బిలాలే, అదే ముసలమ్మ. "తాతా, ఎటు పోయినా ఈమెనే ఉంటే మమ్మల్ని అడుగుడెందుకు?" అన్నది. నా దగ్గర జవాబు లేదు.

ఎంపికకు ఫలితం ఉండాలి, ఆ ఫలితాన్ని కథ గుర్తు పెట్టుకోవాలి. ముసలమ్మకు మీరు సగం జొన్నరొట్టె ఇచ్చి ఉంటే, వారం తరువాత మూసిన తలుపు వెనుక నుంచి ఆమె గొంతే వినిపించాలి. మన బేతాళుడి ప్రశ్నల్లో ఉన్న బిగి ఇదే: జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది, చెబితే మౌనం చెడి శవం తిరిగి చెట్టెక్కుతుంది.

అయితే కుడికా ఎడమకా అని ఊరికే అడిగితే అది బొమ్మా బొరుసూ ఆట అవుతుంది. ఎడమ నుంచి కప్పల అరుపు, కుడి నుంచి అప్పుడే ఆర్పిన దీపపు వాసన వస్తున్నాయని చెప్పి చూడండి. దీపం ఆర్పింది ఎవరని ఒకరు, కప్పలుంటే నీళ్లున్నట్టే కదా అని ఒకరు వాదించుకుంటారు. కొంత తెలిసి కొంత తెలియనప్పుడే ఈ వాదన పుడుతుంది, నన్నడిగితే అసలు రుచి ఆ వాదనలోనే ఉంది. ఓటులో ఓడినవారి మాటను కూడా పారేయకండి, వారి అనుమానం తరువాత ఎక్కడో ఒకచోట నిజం కావాలి.

ఇక లెక్క చూడండి. ప్రతిచోటా రెండు దారులు పెడితే పది మలుపులకు 1024 ముగింపులు అవుతాయి. అన్నీ ముందే రాయడం ఎవరి తరమూ కాదు కనుక చదివేవారే దారి ఎంచుకునే అచ్చు కథల పుస్తకాల్లో దారులను మళ్లీ మళ్లీ కలుపుతారు. మీకు ఆ ఇబ్బంది లేదు, నడిచిన దారిని మాత్రమే చెబితే చాలు. అమెరికాలో 1976 ప్రాంతంలో విలియం క్రౌథర్ అనే ఆయన, కెంటకీలోని మామత్ గుహలో స్వయంగా తిరిగినవాడు, తన కూతుళ్ల కోసం కంప్యూటరులో గుహ ఆట ఒకటి తయారుచేశాడు. ఒకటి రెండు మాటలు టైపు చేస్తే అది కదిలేది, తనకు తెలియని మాట వస్తే అర్థం కాలేదనేది. మీలో కథ చెప్పేవారు మనిషే కదా! ఎవరైనా రెండు దారులూ వదిలి "కోనేట్లోకి చేద దించుతాం" అంటే కుదరదనవద్దు, చేదలో ఏం వచ్చిందో అప్పటికప్పుడు ఆలోచించండి. సందేహముంటే నాలుగు గవ్వలు వేయండి, కానీ ఎన్ని వెల్లకిల పడితే ఏమవుతుందో వేయకముందే చెప్పాలి, లేకపోతే తొండి అంటారు. గవ్వలు ఓడినా కథ ఆగకూడదు. చేద తాడు తెగితే, తాడు లేకుండా ముందుకు పోవలసి రావాలి.

దసరాకు, సీతాఫలాలు పండే వేళకు, వస్తారు కదా. తాళంచెవి కథ మళ్లీ మొదలుపెడదాం. ఈసారి ముసలమ్మను దర్వాజా దగ్గరే ఉంచుతాను. కోనేటి దగ్గర ఎవరుంటారో ఇంకా అనుకోలేదు.

ఇట్లు,
మీ తాత