ఫొటో నెంబరు ఎందుకు దూకుతుంది?

కోనసీమ పెళ్లిళ్లలో ఆల్బమ్ సెలక్షన్ అంటే నెంబర్లు రాసివ్వడమే. పెన్‌డ్రైవ్ ఇంటికి వస్తుంది, ఇంటిల్లిపాదీ కూర్చుని 2417, 2420, 2433 అని కాగితం మీద రాస్తారు. అమలాపురంలోనో పాలకొల్లులోనో డిజైనర్ ఆ కాగితం చూసి పేజీలు కడతాడు. రెండు కెమెరాలతో తీసిన పెళ్లిలో 2417 రెండు ఉన్నాయంటే, తలంబ్రాలు రావాల్సిన పేజీలో భోజనాల పంక్తి వస్తుంది. అంతకంటే పెద్ద నష్టం కాపీ చేసేటప్పుడు జరుగుతుంది. రెండు చిప్పులనూ (మెమరీ కార్డులనూ) ఒకే ఫోల్డర్‌లోకి ఎక్కిస్తూ, అదే పేరుతో ఫైలు ఉందని కంప్యూటర్ అడిగినప్పుడు అన్నిటికీ 'రీప్లేస్' నొక్కితే, మొదటి కెమెరా ఫొటోల మీద రెండో కెమెరా ఫొటోలు కూర్చుంటాయి.

దీనికి మూలం నాలుగంకెల పరిమితి. కెమెరాలన్నీ పాటించే డీసీఎఫ్ అనే జపాన్ ప్రమాణం 1998లో వచ్చింది. దాని ప్రకారం ఫైలు పేరుకు ఎనిమిది స్థానాలే: ముందు నాలుగు అక్షరాలు, తర్వాత 0001 నుంచి 9999 దాకా నాలుగు అంకెలు. ఫొటోలన్నీ డీసీఐఎం ఫోల్డర్ లోపల, 100 నుంచి 999 వరకు అంకెలతో మొదలయ్యే ఉపఫోల్డర్లలో ఉంటాయి. 9999 అయిపోతే కొత్త ఫోల్డర్ తెరిచి మళ్లీ 0001 నుంచి లెక్క మొదలవుతుంది. కోరింగ మడ అడవుల్లో ఎగిరే కొంగల మీద సెకనుకు 20 ఫ్రేములు తీసేవారికి ఇది దూరపు సంగతి కాదు. ఆ వేగంతో ఆపకుండా నొక్కితే 8 నిమిషాల 20 సెకన్లలో లెక్క తిరిగిపోతుంది. సెకండ్‌హ్యాండ్ కెమెరా కొనేటప్పుడు ఈ నెంబరు చూసి 'తక్కువే వాడారు' అనుకోకూడదన్నది కూడా ఇందుకే.

నెంబరు అకస్మాత్తుగా 4380 నుంచి 9012కి దూకిందంటే కెమెరా పాడైనట్టు కాదు. ఫైలు నెంబరింగ్ మెనూలోని కంటిన్యుయస్ పద్ధతిలో (నికాన్‌లో సీక్వెన్స్ ఆన్, సోనీలో సిరీస్) కెమెరా రెండు నెంబర్లు చూస్తుంది: తాను చివర వాడినది, చిప్పులో ఉన్న ఫైళ్లలో పెద్దది. ఈ రెండింటిలో ఏది పెద్దదైతే దానికి ఒకటి కలుపుతుంది. పక్కవాళ్ల చిప్పు ఫార్మాట్ చేయకుండా పెట్టి ఒక్క ఫొటో తీస్తే చాలు, వాళ్ల లెక్క మన కెమెరాలో నిలిచిపోతుంది. ఆ చిప్పు తీసేసినా దానంతట అది వెనక్కి రాదు. ఇలా దూకకుండా ఉండాలంటే దారి ఒక్కటే: ఏ చిప్పైనా పెట్టగానే ముందు అందులోవి కాపీ తీసుకుని, ఆ కెమెరాలోనే ఫార్మాట్ చేయడం.

చిప్పు మార్చిన ప్రతిసారీ 0001కి వస్తోందంటే మెనూలో ఆటో రీసెట్ ఉంది, లేదా సీక్వెన్స్ ఆఫ్‌లో ఉంది. మధ్యలో నెంబర్లు లేవని కంగారు పడేవారు వీడియోలు కూడా చూడాలి. కెనాన్‌లో ఎంవీఐ పేరుతో వచ్చే వీడియోలు ఆ వరుసలోవే. పేరు 'డీఎస్‌సీ_2417' బదులు '_డీఎస్‌సీ2417' అని వస్తే రంగుల అమరిక అడోబ్ ఆర్‌జీబీకి మారిందని అర్థం. పేరు వరుసలో పేర్చినప్పుడు ఈ రెండు రకాలూ విడివిడి గుంపులైపోతాయి.

దూకిన లెక్కను పాత చోటికి తెచ్చుకోవచ్చు. ఖాళీ చిప్పును కెమెరాలో ఫార్మాట్ చేసి, మెనూలో రీసెట్ (కెనాన్‌లో మాన్యువల్ రీసెట్) ఇచ్చి ఒక ఫొటో తీయాలి. అది 0001 అవుతుంది. తర్వాత కంటిన్యుయస్‌కి మార్చి, కెమెరా ఆపి, చిప్పును కంప్యూటర్‌కు పెట్టి, చివరి ఫోల్డర్‌లోని ఆ ఫైలు పేరులో అంకెలు మాత్రమే 4380గా మార్చాలి. అక్షరాలు, అండర్‌స్కోర్, చివర ఉన్న జేపీజీ కదలకూడదు. చిప్పు తిరిగి పెట్టి తీస్తే 4381 రావాలి.

పెళ్లికి మేము గట్టిగా చెప్పేది ఈ ఉపాయాన్నే. రెండో కెమెరాలో ఆ ఫైలుకు 5000 అని పెడితే, అది 5001 నుంచి లెక్కిస్తుంది. మొదటిది 0001 నుంచి మొదలై 5000 లోపు, రెండోది 9999 దాటకుండా ఉంటే నెంబరు కలవదు. చాలా నికాన్, సోనీ మోడళ్లలో మొదటి మూడు అక్షరాలు మార్చుకునే వీలుంది కానీ, కాగితం మీద ఇంటివాళ్లు అంకెలే రాస్తారు, అక్షరాలు రాయరు. సెలక్షన్‌కు ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపినా ఫైలు పేరు మారిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితేనే నిలుస్తుంది.

చిప్పులో చోటున్నా షట్టర్ పడకపోతే ఫోల్డర్ నెంబరు చూడండి. 999వ ఫోల్డర్‌లో 9999 వచ్చేశాక కెమెరాకు వెళ్లే దారి లేదు. ఫొటోలు కాపీ తీసి, రీసెట్ ఇచ్చి, ఫార్మాట్ చేస్తే తేరుకుంటుంది. 100తో మొదలయ్యే ఫోల్డర్లు రెండు వేర్వేరు కంపెనీలవి ఒకే చిప్పులో ఉన్నా చిక్కు రావచ్చు.

ఇంకో చిక్కు మన వానాకాలం తెస్తుంది. తేమకు భయపడి బ్యాటరీ తీసి, సిలికా జెల్‌తో డబ్బాలో పెడతాం. మంచి అలవాటే. అయితే గడియారాన్ని నడిపే లోపలి చిన్న బ్యాటరీ మోడల్‌ను బట్టి ఒకటి నుంచి మూడు నెలలే నిలుస్తుంది. ఫైలు నెంబరు చెరగని మెమరీలో ఉంటుంది కాబట్టి అది సరిగ్గానే కొనసాగుతుంది, తేదీ మాత్రం పోతుంది. ఆన్ చేసినప్పుడు తేదీ అడిగితే దాటేయకండి.

కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోట తీర్థానికి పదకొండు రుద్రుల ప్రభలు వచ్చే క్రమాన్ని రెండు కెమెరాలతో తీసినప్పుడు, ఏది ముందో ఏది వెనకో నెంబరు చెప్పలేదు, సమయమే చెప్పాలి. బయలుదేరే ముందు రెండు కెమెరాలతోనూ సెకన్లు కనిపించే ఫోన్ గడియారాన్ని ఫొటో తీయాలి. రెండోది 3 నిమిషాల 12 సెకన్లు వెనక ఉందని తేలితే, ఫొటో తేదీ, సమయం మార్చే ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో దాని ఫైళ్లన్నిటికీ అంత కలపాలి. ఆ తర్వాతే పేరు మార్చాలి: తేదీ, గంట-నిమిషం-సెకను, కెమెరా గుర్తు, పాత నెంబరు, ఈ వరుసలో. ఒకే సెకనులో పది ఫ్రేములు పడ్డప్పుడు వాటిని విడదీసేది చివర ఉన్న ఆ పాత నెంబరే. ఒకే ఫొటోను రా (కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫైలు), జేపీజీ రెండుగానూ తీస్తే ఆ జంటకు ఒకే పేరు ఉండాలి, కాబట్టి రెండింటినీ కలిపి ఒకేసారి మార్చాలి.