షేర్ ఆటోలో సా, గా, పా

పిల్లలూ,

మొన్న ఎండాకాలం సాయంత్రం కరెంటు పోతే అందరం వరండాలోకి చేరాం. మా మనవరాలు గిటార్ తెచ్చుకుని నాలుగు కార్డులే (కార్డంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం) తిప్పి తిప్పి వాయించింది: సి, ఏ మైనర్, ఎఫ్, జి. "తాతయ్యా, ఇవి ఇలా వరసగా వస్తే ఎందుకు బాగుంటాయి?" అంది. వాళ్ల సార్‌ని అడిగితే "ముందు ప్రాక్టీస్ చెయ్యి" అన్నాడట. ఆ ఉక్కపోతలో నేనూ తప్పించుకున్నాను. ఇప్పుడు చెప్తాను, మీరూ వినండి.

మన బెజవాడ బందరు రోడ్డు మీద షేర్ ఆటో ఎక్కారు కదా. బెంజి సర్కిల్ దగ్గర వెనక సీట్లో ముగ్గురు కూర్చున్నారనుకోండి. సా, గా, పా. అదే సి కార్డు. కాస్త దూరం వెళ్లాక పా దిగింది, దా ఎక్కింది. సా, గా కదల్లేదు. అది ఏ మైనర్. నమ్మకపోతే మీ వేళ్లనే చూసుకోండి: సి నుంచి ఏ మైనర్‌కి వెళ్లేటప్పుడు ఉంగరం వేలు ఒక్కటే లేచి చోటు మారుతుంది, మిగతా రెండూ ఉన్నచోటే ఉంటాయి. తర్వాత గా దిగి మా ఎక్కింది, అది ఎఫ్. పాతవాళ్లు ఇద్దరుండగా కొత్తగా ఒకరు ఎక్కితే ఆటోలో ఎవరికీ ఇబ్బంది ఉండదు. (దిగేవాళ్లని ముందు దిగనివ్వాలి, తర్వాతే ఎక్కాలి. ఇది సంగీతంతో సంబంధం లేని మాట, అయినా గుర్తుంచుకోండి.)

పోలీస్ కంట్రోల్ రూమ్ స్టాపు దగ్గర మాత్రం ఆటో మొత్తం ఖాళీ అయిపోయింది. మా, దా, సా ముగ్గురూ దిగారు. పా, ని, రి ఎక్కారు. అదే జి. అందుకే అక్కడ ఏదో జరిగినట్టు అనిపిస్తుంది. ఆ ముగ్గురిలో ని ఉంది చూశారూ, అది సీటు అంచున కూర్చుంటుంది. ఇల్లు వచ్చేసింది, ఎప్పుడు దిగుదామా అని. నికీ పై సాకీ మధ్య దూరం ఒక్క ఫ్రెట్టే (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే కడ్డీలే ఫ్రెట్లు). జి పట్టినప్పుడు రెండో తీగ ఉత్తిదే మోగుతుంది, అది ని. వరస మళ్లీ మొదటికొచ్చి సి పట్టగానే అదే తీగ మొదటి ఫ్రెట్ మీద చూపుడు వేలు పడుతుంది, అది సా. అప్పుడు ప్రాణం కుదుటపడుతుంది. బెంజి సర్కిల్లో ఎక్కినవాళ్లు మళ్లీ బెంజి సర్కిల్లోనే దిగడమేమిటని అడగకండి. నా ఆటో ఇక్కడ కాస్త ఒరిగింది, ఒప్పుకుంటాను.

ఈ ని సంగతి నేను నేర్చుకుంది గిటార్ మీద కాదు. నా చిన్నప్పుడు పద్య నాటకాలు తెల్లవార్లూ ఆడేవారు. చాప మీద మా అమ్మమ్మ పక్కన సగం నిద్రలో ఉండేవాణ్ణి. పద్యం చివర నటుడు రాగం తీస్తూ తీస్తూ ని దగ్గర ఆగిపోయేవాడు. హార్మోనియం ఆయన కూడా అతని మొహమే చూస్తూ కూర్చునేవాడు. జనం ఊపిరి బిగబట్టేవాళ్లు. ఇక ఆపుకోలేం అన్నప్పుడు సా మీదకి దిగేవాడు, చప్పట్లకి నాకు మెలకువ వచ్చేది. ఆ మనిషి మమ్మల్నందరినీ గుమ్మం బయట నిలబెట్టి, తాళం చెవి జేబులో వేసుకుని నవ్వేవాడన్నమాట.

మరి సా, గా, పా ముగ్గురికీ అసలు స్నేహం ఎలా కుదిరింది? దానికి ఒక పని చెయ్యండి. ఇంట్లో ఫ్యాన్ ఆపి, గిటార్ ఐదో తీగని ఉత్తిదే మీటండి. అది సెకనుకు 110 సార్లు ఊగుతుంది. దాన్నే సా అనుకోండి. ఇప్పుడు ఏడో ఫ్రెట్ కడ్డీకి సరిగ్గా పైన తీగకి వేలు ఆనించండి, నొక్కకూడదు. మీటగానే వేలు తీసెయ్యండి. సన్నగా, గంట మోగినట్టు 330 వినిపిస్తుంది. అది పా. నాలుగో ఫ్రెట్ దగ్గర వెతికితే, ఓపిక ఉంటే, 550 దొరుకుతుంది. అది గా. తీగ ఒక్కటే, మీరు మీటింది సా ఒక్కటే. మిగతా ఇద్దరూ ముందునుంచీ అందులోనే కూర్చుని ఉన్నారు.

నాలుగో ఫ్రెట్ దగ్గర మొదటిసారే రాదు. వేలు వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి చూడండి.

మీ తాతయ్య
విజయవాడ