బర్జర్స్ జబ్బు: కాలు తీసేయాల్సిందేనా?

అపోహ: షుగర్ లేదు, వయసు ముప్పై ఐదే. కాలి వేలి పుండు దానంతటదే మానుతుంది.

వాస్తవం: బర్జర్స్ జబ్బు ఎక్కువగా వచ్చేదే ఈ వయసులో, అదీ బీడీ, సిగరెట్, ఖైనీ అలవాటున్నవాళ్లకి. పాదాల్లో, మోకాలి కింద ఉండే చిన్న, మధ్యరకం ధమనులు వాచి, లోపల రక్తం గడ్డకట్టి మూసుకుపోతాయి. ఇది కొవ్వు పేరుకుని వచ్చే పూడిక కాదు. కాబట్టి కొలెస్ట్రాల్ రిపోర్టు నార్మల్‌గా ఉందని ధీమాగా ఉండొద్దు. నడిస్తే అరికాలు పట్టేస్తుంది, పాదం చల్లబడుతుంది. రాత్రి నొప్పికి కాలు మంచం కిందికి వేలాడదీస్తే కాస్త హాయిగా ఉంటుంది. ఈ దశలో చాలామంది నరాల బలహీనత అనుకుని బి కాంప్లెక్స్ మాత్రలతో నెలలు పోగొట్టుకుంటారు. అది చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఒక్క డాప్లర్ పరీక్షతో (నాళాల్లో రక్తం పారే తీరు చూపే స్కాన్) అనుమానం బయటపడేది.

అపోహ: వేలు నల్లబడిందంటే కాలు పోయినట్టే.

వాస్తవం: కంగారుపడొద్దు. ఈ జబ్బులో బైపాస్ కష్టం, కలపడానికి కింద మంచి నాళం దొరకదు. అందుకే తొడ మొదట్లో సూది గుచ్చి, సన్నని తీగను పూడిన నాళంలోంచి పాదం వైపు పంపుతాం. దాని మీదుగా 2, 3 మిల్లీమీటర్ల బెలూన్‌తో తెరుస్తాం. పైనుంచి దారి దొరక్కపోతే పాదం మీది ధమనిలోంచి ఎదురెక్కుతాం. మామూలుగా సూది గుచ్చేచోట మత్తు ఇస్తే సరిపోతుంది. ఈ బెలూన్ చికిత్స అందరికీ కుదరదు. కుదరనివాళ్లకి రక్తనాళాలను వెడల్పు చేసే ఇలోప్రాస్ట్ మందు డ్రిప్, నడుము దగ్గర సింపథెటిక్ నరాలకి (రక్తనాళాలను బిగించే నరాలు) ఇచ్చే ఇంజెక్షన్ నొప్పి తగ్గించొచ్చు. పూర్తిగా చచ్చుబడిన వేలు మాత్రం తీయాల్సి రావచ్చు. అయినా ముందు రక్తం తెప్పించి తీస్తే గాయం మానే అవకాశం పెరుగుతుంది.

అపోహ: బెలూన్ వేశారు, జబ్బు పోయింది.

వాస్తవం: పోలేదు. తెరిచిన నాళం కొన్ని నెలల్లో మళ్లీ మూసుకోవచ్చు. ఈలోగా పుండు మానిందా, పెద్ద గెలుపే. పుండు మానడానికి కావలసినంత రక్తం, మానిన చర్మం నిలవడానికి అక్కర్లేదు. ఆ పాదాన్ని ఆ తర్వాత కాపాడేది పొగాకు పూర్తిగా మానడమే. రోజుకు రెండు బీడీలకు తగ్గించానంటే కుదరదు. గుట్కా, ఖైనీ సంగతీ అంతే, నికోటిన్ చూయింగ్ గమ్ కూడా ఈ జబ్బుకు మంచిది కాదు. మానలేకపోతున్నామని సిగ్గుపడకండి. నికోటిన్ లేని మందులున్నాయి, మీ డాక్టర్‌ని అడగండి. ప్రభుత్వ టోల్ ఫ్రీ నంబర్ 1800-11-2356 కి ఫోన్ చేసినా సలహా ఇస్తారు.