విశ్వం పుట్టుక: పావురాల తప్పేమీ లేదు

ప్లానెటేరియంలో ఆకాశం చూపిస్తూ మాట్లాడటం నా ఉద్యోగం. 1380 కోట్ల ఏళ్ల విశ్వచరిత్రను నలభై నిమిషాల్లో ముగించి, అందరికీ బయటికి దారి చూపిస్తాను. ఆ దారిలో ఎదురయ్యే ప్రశ్నలు మాత్రం ఏటా అవే.

అపోహ: విశ్వం పుట్టుకకు పెట్టిన పేరైన బిగ్ బ్యాంగ్ (మహావిస్ఫోటం) ఎక్కడో ఒకచోట జరిగిన పేలుడు.

"బాబూ, అది ఏ దిక్కున పేలిందో చూపించు, దణ్ణం పెట్టుకుంటాను" అన్నారు ఒక పెద్దాయన. ఎటు తిరిగి పెట్టుకున్నా చెల్లుతుందండీ అన్నాను.

వాస్తవం: పేలిందేమీ లేదు, విశ్వమే సాగింది. ఇడ్లీ పిండిలో నాలుగు జీలకర్ర గింజలు వేసి ఉంచితే, తెల్లవారేసరికి పిండి పొంగి ప్రతి గింజకూ మిగతావి దూరమవుతాయి. పిండికైతే గిన్నె ఉంది కాబట్టి నడిమధ్య ఏదో చెప్పవచ్చు. విశ్వానికి గిన్నె లేదు. అన్నట్టు, 1949లో బీబీసీ రేడియోలో "బిగ్ బ్యాంగ్" అన్న పేరు పలికిన ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్‌కు ఈ సిద్ధాంతమే గిట్టేది కాదు. గిట్టనివారు పెట్టిన పేరే నిలిచిపోయింది.

అపోహ: మహామేధావులు లెక్కలు కట్టి బిగ్ బ్యాంగ్ ఆనవాలు పట్టుకున్నారు.

వాస్తవం: లెక్కలు కట్టినవారు వేరు, కనుక్కున్నవారు వేరు. 1964లో అమెరికాలోని న్యూజెర్సీలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు రేడియో ఖగోళ శాస్త్రవేత్తలకు, కొమ్ము ఆకారపు పెద్ద యాంటెన్నాలో సన్నని రొద వినిపించింది. ఎటు తిప్పినా అదే రొద, పగలూ రాత్రీ. లోపల చూస్తే పావురాల జంట కాపురం పెట్టింది. వాటి రెట్టను పెంజియాస్ "తెల్లటి విద్యుత్ రోధక పదార్థం" అని ఎంతో మర్యాదగా పేర్కొన్నారు. గీకి కడిగారు. పావురాలను పెట్టెలో పెట్టి దూరం పంపితే, ఇల్లు వెతుక్కుంటూ తిరిగి వచ్చాయి. చివరికి వాటిని తుపాకితో కాల్చారు. రొద మాత్రం చెక్కుచెదరలేదు.

నిజానికి ఆ రొద, విశ్వానికి 3,80,000 ఏళ్ల వయసులో బయలుదేరిన వెలుగే. సాగి సాగి, చల్లారి ఇప్పుడు 2.7 కెల్విన్‌కు, అంటే దాదాపు మైనస్ 270 డిగ్రీల సెల్సియస్‌కు దిగింది. ఆ వెలుగు కోసమే ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ డికీ బృందం పరికరం బిగించుకుంటూ ఉంది. ఈలోగా పెంజియాస్ నుంచి డికీకి ఫోను మోగింది. 1978లో నోబెల్ బహుమతి ఆ ఇద్దరికీ దక్కింది. పావురాలకు కనీసం సంతాప తీర్మానమైనా లేదు.

అపోహ: ఆనాటి సరుకు ఇప్పుడేదీ మిగల్లేదు.

వాస్తవం: నీటిలోని ఆక్సిజన్ తర్వాత నక్షత్రాల్లో తయారైంది కానీ, హైడ్రోజన్ కేంద్రకాలు విశ్వపు తొలి నిమిషాల నాటివి. మా క్యాంటీన్‌లో అమ్మే నీళ్ల సీసా మీద మాత్రం "ఆరు నెలల్లోపు వాడవలెను" అని అచ్చు వేసి ఉంటుంది.